వాడు ఇండియాలో ఎన్ని రోజులున్నాడు?

ప్రశ్న: మా అబ్బాయి టెక్సాస్‌లోని డెంటన్‌లో ఎంఎస్ చేశాడు. 2022 మేలో చదువు అయ్యాక కర్నూలు అబ్బాయితో కలిసి అపార్ట్‌మెంట్ తీసుకున్నాడు. లీజులో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. మావాడికి ఉద్యోగం వచ్చింది, ఆ అబ్బాయికి రాలేదు. 2022 ఆగస్టు నుంచి 2023 మే దాకా పది నెలలు అతని వాటా అద్దె, నెలకు 650 డాలర్లు, మావాడే కట్టాడు. చేబదులుగా మూడుసార్లు జెల్‌లో (అక్కడ ఫోన్ ద్వారా బ్యాంకు డబ్బు పంపే పద్ధతి) 4,200 డాలర్లు పంపాడు. సరుకులు, కరెంటు, ఇంటర్నెట్ కింద ఇంకో 900. జ్వరమొస్తే గంజి కాచి పోశాడు, ఆదివారమైతే ఉగ్గాని చేసి పెట్టాడు. ఆ అబ్బాయి 2023 డిసెంబరులో అక్క పెళ్లికని వచ్చి, నలభై రోజులుండి కూడా మా గడప తొక్కలేదు. 2024 జూన్ 10న అమెరికా వదిలేసి కర్నూలు వచ్చేశాడు. ఇప్పుడు ఫోన్ ఎత్తడు. మూడేళ్లు దాటింది, కాలదోషం పట్టిందని ఇక్కడి వకీలు అంటున్నారు. మా బావమరిదికి తెలిసిన ఎస్ఐ మాత్రం స్టేషన్‌కు పిలిపించి నా పేరున ప్రోనోటు రాయిస్తానంటున్నారు. వాళ్ల నాన్నకు కర్నూలులో మూడంతస్తుల ఇల్లుంది. ఏం చేయమంటారు?
— ఒక తండ్రి, తాడిపత్రి

జవాబు: మీ ఉత్తరం నాలుగు పేజీలు. అందులో మూడు పేజీలు గంజి, ఉగ్గానే తినేశాయి. జడ్జి ఆ రెండింటి గురించీ అడగడు. కేసును తేల్చే మాట మీరు నిష్ఠూరంగా రాసిన ఒక్క వాక్యంలో ఉంది: అక్క పెళ్లికి వచ్చి నలభై రోజులున్నాడని. గడప తొక్కకపోతే పోనివ్వండి. నాకు కావలసింది ఆ నలభై రోజులే.

అప్పుకు మూడేళ్ల గడువన్నది నిజమే. చేబదులైతే ఇచ్చిన రోజు నుంచి, అతని తరఫున కట్టిన అద్దె అయితే కట్టిన రోజు నుంచి లెక్క. ఆ లెక్కన చివరి అద్దెకు కూడా 2026 మేతో మూడేళ్లు నిండుతాయి. మీ వకీలు అక్కడే ఆగిపోయారు. 1963 నాటి కాలపరిమితి చట్టంలో సెక్షన్ 15(5) ఉంది. ప్రతివాది భారతదేశంలో లేని కాలాన్ని గడువు లెక్కలోంచి తీసేయాలని అది చెబుతుంది. అతను అక్కడ ఉన్నంతకాలం గడియారం ఆగి ఉంటుంది, ఇక్కడ దిగితే నడుస్తుంది. అప్పు అమెరికాలో పుట్టినా, దావా ఇక్కడ వేస్తే గడువు మన చట్టం ప్రకారమే. అది సెక్షన్ 11.

ఇప్పుడు లెక్క కట్టండి. 2024 జూన్ 10 నుంచి మూడేళ్లంటే 2027 జూన్ 10. పెళ్లికి వచ్చినప్పుడు గడియారం నలభై రోజులు నడిచింది కాబట్టి అవి తగ్గించాలి. 2027 మే 1 దగ్గర ఆగుతాం. మీకు తెలియకుండా అతను ఇంకోసారి వచ్చి పోయుంటే ఆ రోజులూ తగ్గుతాయి. అందుకని చివరి తేదీ దాకా సాగదీయొద్దు, 2027 సంక్రాంతిలోపే దావా పడిపోవాలి. గడువు దాటినట్టు కనిపిస్తున్నా ఎందుకు దాటలేదో దావాలోనే రాయాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 7 రూల్ 6 అదే చెబుతుంది. చాలామంది ఆ పేరా మరిచిపోయి తర్వాత తల పట్టుకుంటారు. అతని పాస్‌పోర్టును కోర్టులో హాజరుపరచమని అడగండి. పెళ్లి ఫోటోలు ఎవరైనా ఫేస్‌బుక్‌లో పెట్టి ఉంటే తేదీతో సహా దాచుకోండి.

ఇక సాక్ష్యం. మీరు జత చేసిన స్క్రీన్‌షాట్లు చూసి నాకు ఒళ్లు మండింది. మూడు జెల్ బదిలీల్లో ఒకదానికి మెమో, అంటే ఎందుకు పంపారో రాసే చోటు, ఖాళీ. ఇంకోదానికి ‘మామ’. రెండు వేల డాలర్లు పంపినదానికి మీవాడు సరదాగా ‘బిర్యానీ’ అని రాశాడు. రెండు వేల డాలర్ల బిర్యానీ ఏ హోటల్లో తిన్నారని ఎదుటి వకీలు అడిగితే మీవాడి దగ్గర జవాబేముంది? డబ్బు వెళ్లిందని బ్యాంకు స్టేట్‌మెంట్ చెబుతుంది. అది అప్పా, పాత బాకీ తీర్చడమా, ఊరికే ఇచ్చిందా అన్నది చెప్పదు. ఎంఎస్ చదివిన కుర్రాడికి ‘అప్పు’ అని రెండక్షరాలు టైపు చేయడం బరువైందా?

కేసును నిలబెట్టేది వాట్సాప్ మెసేజే. 2022 అక్టోబరులో అతను పంపింది: ‘ఈ నెల కూడా రెంట్ కట్టేయ్ మామా, జాబ్ రాగానే మొత్తం సెటిల్ చేస్తా.’ ‘ఈ నెల కూడా’, ‘మొత్తం’ అన్న మాటలు చాలా విలువైనవి. కానీ స్క్రీన్‌షాట్ చాలదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. ఒక భాగం ఫోన్ యజమాని, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి. ఆ మెసేజ్ ఉన్న పాత ఫోన్‌ను, తెర పగిలిందని ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేద్దామనుకుంటున్నాడని రాశారు. ఆ ఫోన్ పోతే మీ కేసులో సగం పోయినట్టే.

ఖర్చులు పంచుకునే స్ప్లిట్‌వైజ్ యాప్‌లో ఉన్న 900 డాలర్లు వదిలేయండి. మీవాడు తనంతట తాను ఎక్కించిన పద్దులవి. పాలు, పెరుగు లెక్కల దగ్గర అబద్ధమని తేలితే అద్దె లెక్క మీదా అనుమానం వస్తుంది. 6,500 అద్దె, 4,200 చేబదులు, ఈ 10,700 డాలర్ల మీద నిలబడండి. డాలర్లలోనే అడగొచ్చు, డిక్రీ, అంటే కోర్టు తీర్పు, వచ్చిన రోజు రేటు వర్తిస్తుంది. కోర్టు ఫీజు మాత్రం దావా వేసే రోజు రూపాయల విలువ మీద కట్టాలి.

ఎస్ఐ ప్రోనోటు సంగతి. దాని జోలికి అస్సలు వెళ్లొద్దు. స్టేషన్‌లో రాసిన కాగితాన్ని బెదిరించి రాయించుకున్నారని అతను రేపే అంటాడు, కోర్టు నమ్ముతుంది. పైగా మీ పేరున! మీరు అతనికి పైసా ఇవ్వలేదు. ‘నగదు ముట్టింది’ అన్న అబద్ధం కింద మీరు నిలబడి, నిజమైన అప్పును కూడా పోగొట్టుకుంటారు. చీటింగ్ కేసూ నిలవదు. డబ్బు తీసుకునే రోజే ఎగ్గొట్టాలన్న ఉద్దేశం ఉందని చూపాలి. ఉద్యోగం రాక ఇవ్వలేనివాడు మోసగాడు కాడు. విదేశంలో జరిగిన నేరమైతే కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ట్రయల్ నడవదని, 2011లో మన రాష్ట్రం నుంచే వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా.

వాళ్ల నాన్న ఇల్లు గురించి: మేజరైన కొడుకు చేసిన అప్పుకు తండ్రి బాధ్యుడు కాడు. ఆ మూడంతస్తులు మరిచిపోండి.

చేయాల్సింది ఇది. దావా తాడిపత్రిలో కాదు, ప్రతివాది ఉంటున్న కర్నూలులో వేయాలి. ముందు లాయర్ నోటీసు. ఆ వెంటనే కర్నూలు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ కింద, అంటే దావాకు ముందే రాజీ కోసం, అర్జీ పెట్టండి. కోర్టు ఫీజు ఉండదు, లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ అవార్డు డిక్రీతో సమానం. అర్జీ పెట్టినంత మాత్రాన గడువు ఆగదు, రెండు నెలలు చూసి దావా వేసేయండి. అతను మెత్తబడితే, నిజం నిజంగా, ఇవాళ్టి తేదీతో, మీ అబ్బాయి పేరున, ఇంత బాకీ ఉన్నాను, తీరుస్తానని కాగితం రాసి సంతకం పెట్టమనండి. కాలదోషం పట్టిన బాకీకైనా అలాంటి రాతపూర్వక వాగ్దానం కాంట్రాక్టు చట్టం 25(3) కింద చెల్లుతుంది.

దావా నడపడానికి మీ అబ్బాయి మీకు పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి. అక్కడ నోటరీ, కాన్సులేట్ ధ్రువీకరణ చేయించి పంపితే, ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి. దాంతో మీరు సంతకాలు పెట్టగలరు, డెంటన్ ఇంట్లో ఏం జరిగిందో సాక్ష్యం చెప్పలేరు. అది మీ కళ్లముందు జరగలేదు. పవర్ ఆఫ్ అటార్నీ పుచ్చుకున్నవాడు అసలు మనిషికి బదులు సాక్ష్యం చెప్పలేడని సుప్రీంకోర్టు 2004లోనే తేల్చింది. మీవాడే రావాలి, లేదా కోర్టు ఒప్పుకుంటే వీడియోలో చెప్పాలి.

ఇవన్నీ రేపటి పనులు. ఇవాళ రాత్రి మీవాడికి ఫోన్ చేసి ఆ పగిలిన ఫోన్ ఏ సొరుగులో ఉందో కనుక్కోండి. ఛార్జింగ్ పెట్టి, ఆన్ అవుతుందో లేదో చూసి చెప్పమనండి.