జుట్టు జెముడు ముక్కలు నాటితే ఆకుల కట్టెలెందుకు వచ్చాయి?

సందేహం: హైదరాబాద్ పక్కన మొయినాబాద్ దగ్గర పది గుంటల్లో షేడ్‌నెట్ వేసి చిన్న నర్సరీ నడుపుతున్నాను. నిరుడు నర్సరీ మేళాలో కోడిజుట్టులా ముడతలు పడి పెరిగే జెముడు మొక్కలు రెండు కొన్నాను. కోరల్ కాక్టస్ అని చెప్పి ఇచ్చారు. మొన్న జులైలో ఒకదాన్ని ముక్కలు చేసి, పాలు కడిగి, మందు అద్ది, అదే రోజు కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ఎక్కువ కలిపిన కుండీల్లో 18 కటింగ్స్ నాటాను. జుట్టు భాగం నుంచి 8, కింది కాండం నుంచి 4, జుట్టు మీద లేచిన నిటారు కొమ్మలు 6. జుట్టు ముక్కల్లో 7 కుళ్లిపోయాయి, ఒకటి అట్లాగే ఉంది కానీ పెరగడం లేదు. కింది కాండం ముక్కలు నాలుగూ బతికాయి, కానీ వాటికి పెద్ద పెద్ద ఆకులు వస్తున్నాయి. నిటారు కొమ్మల్లో 4 బతికి కట్టెల్లా పొడుగ్గా పోతున్నాయి. ఒక్కదానికీ జుట్టు రాలేదు. ఇది నువ్వుల్లో పూలు ఆకుల్లా మారిపోయే వెర్రితెగులు లాంటిదా? మిగతా మొక్కలకు అంటుకుంటుందా? ఫొటోలు పంపుతున్నాను.
– ఒక రైతు, రంగారెడ్డి జిల్లా

సలహా: మీరు పంపిన ఫొటోల్లో ఆకు దగ్గరగా తీసిన ఫొటో చూడగానే సంగతి సగం తేలిపోయింది. మొదట్లో సన్నగా, కొస వైపు వెడల్పుగా, దళసరిగా, నిగనిగలాడుతున్న ఆకు. కాండం మీద బుడిపెలు, ఒక్కో బుడిపెకు జంట ముళ్లు. అది ఆకుజెముడు. మన ఊళ్లలో కంచె కోసం పెంచే ఆకుజెముడే. మీరు కొన్నది ఒక మొక్క అనుకున్నారు గానీ, ఆ కుండీలో ఉన్నవి రెండు మొక్కలు. కింద ఆకుజెముడు వేరుమూలం, దాని మీద అంటు కట్టిన జుట్టు మొక్క. పైదాన్ని యుఫోర్బియా లాక్టియా క్రెస్టెడ్ (జుట్టు రకం) అంటారు. మామిడి అంటు మొక్కలో అంటు కింద నుంచి వచ్చిన చిగురును పెంచితే బంగినపల్లి ఎట్లా కాయదో, ఇదీ అంతే. మీ నాలుగు ముక్కలు తప్పేమీ చేయలేదు, వాటి జాతి ప్రకారమే పెరుగుతున్నాయి. అమ్మినవాళ్లు ఆ ఒక్క మాట చెప్పి ఉంటే మీకీ శ్రమ ఉండేది కాదు. రెండో కుండీలో కాండానికి, జుట్టుకు మధ్య గీతలాంటి అతుకు కనిపిస్తుంది, చూడండి.

వెర్రితెగులు సంగతి. నువ్వుల్లో వెర్రితెగులు ఫైటోప్లాస్మా అనే బ్యాక్టీరియా లాంటి సూక్ష్మజీవి వల్ల వస్తుంది, దీపపు పురుగులు ఒక మొక్క నుంచి ఇంకోదానికి మోసుకెళ్తాయి. మీ జెముడు జుట్టు అట్లాంటిది కాదు, పక్క మొక్కలకు అంటుకోదు. మామూలు మొక్కకు కొమ్మ చివర పెరిగే మొన ఒక చుక్కలా ఉంటుంది. ఆ చుక్క ఏదో కారణాన సాగి గీతలా మారితే కొమ్మ గుండ్రంగా పెరగడం మానేసి విసనకర్రలా విప్పుకుంటుంది. ఆ గీత పొడుగు పెరిగేకొద్దీ చోటు చాలక ముడతలు పడుతుంది. కణాల్లో వచ్చే మార్పు వల్లనో, మొన దెబ్బ తినడం వల్లనో, హార్మోన్ల తేడా వల్లనో ఇట్లా అవుతుంది. కొన్ని రకాల మొక్కల్లో బ్యాక్టీరియా కూడా కారణమే. బతుకమ్మలో పేర్చే గునుగు పువ్వు, సీతజడ పువ్వు పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకే జాతివి. గునుగుది మొన, సీతజడది అంచు. కాకపోతే సీతజడలో ఆ గుణం విత్తనంలో స్థిరపడిపోయింది, గింజ చల్లితే జుట్టే వస్తుంది. జెముళ్లలో అట్లా విత్తనం మీద నమ్మకం పెట్టుకోలేం. అందుకే కత్తిరింపు, లేకపోతే అంటు.

కాబట్టి ఈ మొక్క సొమ్మంతా ఆ పై అంచులోనే, అంటే గీతలా సాగిన మొనలోనే ఉంది. మీరు నాటే ప్రతి ముక్కకూ ఆ అంచు కొంత ఉండి తీరాలి. మీ 8 జుట్టు ముక్కల ఫొటో చూశాను. నాలుగింటిని మీరు అడ్డంగా కోశారు. అడ్డంగా కోస్తే పై ముక్కకు అంచు దక్కుతుంది, కింది ముక్కకు ఏమీ మిగలదు. ఆ కింది ముక్క బతికి వేరు వేసినా, పక్క మొగ్గల నుంచి మామూలు కొమ్మలే లేస్తాయి. తాటాకు విసనకర్రను పిడి దగ్గర నుంచి అంచు దాకా ఈనెల వెంబడి చీల్చినట్టు నిలువుగా కోయాలి. ముక్క పైన వెడల్పుగా, కింద సన్నగా ఉండాలి. పైన కనీసం నాలుగైదు సెంటీమీటర్ల అంచు దక్కనివ్వండి. కింద ఎంత సన్నగా ఉంటే గాయం అంత చిన్నది, అంత తొందరగా ఆరుతుంది. ఆశకొద్దీ చిన్న చిన్న ముక్కలు చేయకండి. ఒక జుట్టు నుంచి మూడు మంచి ముక్కలు వస్తే చాలు. అంచును వేళ్లతో నలపొద్దు. గీరుకున్న చోట పెరుగుదల ఆగి మచ్చ పడుతుంది.

ఇక జులై. కుళ్లుకు సగం కారణం ఆ నెలే. మన హైదరాబాద్ చుట్టుపక్కల జులై, ఆగస్టుల్లో గాలిలో తేమ ఆరదు, షేడ్‌నెట్ నుంచి చుక్కలు పడుతూనే ఉంటాయి. వెడల్పాటి పచ్చి గాయాన్ని తడి కోకోపీట్‌లో పెట్టారంటే శిలీంధ్రాన్ని భోజనానికి పిలిచినట్టే. డిసెంబరు, జనవరి కూడా వద్దు. రాత్రి చలికి ఈ జెముళ్లు నిద్రలోకి పోతాయి, వేరు కదలదు. ఫిబ్రవరి రెండో వారం నుంచి మార్చి నెలాఖరు వరకు మంచి అదును. పగలు వెచ్చగా, పొడిగా ఉంటుంది, ఎండలు ముదిరేలోగా వేరు పట్టుకుంటుంది.

కోసే పద్ధతి చెప్పే ముందు పాల గురించి చెప్పాలి. పేరులో కాక్టస్ ఉన్నా ఇది కాక్టస్ కాదు. ఆముదం, కర్రపెండలం కుటుంబానికి చెందినది. గాటు పెట్టగానే తెల్లటి పాలు కారతాయి. చర్మం మీద పడితే దద్దుర్లు, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ఒకసారి నేను గ్లవ్స్ వేసుకున్న చెయ్యితోనే నుదుటి చెమట తుడుచుకున్నాను. చెమటతో పాటు పాలు కంట్లోకి జారాయి. ఆ రాత్రంతా నిద్ర లేదు. అప్పటి నుంచి ఈ పని చేసేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకుంటాను, భుజం మీద తువ్వాలు మాత్రం ఉంచుకోను, చెయ్యి అలవాటుగా దాని మీదికే పోతుంది. పొరపాటున కంట్లో పడితే వెంటనే ధారగా పారే నీళ్లతో కనీసం పావుగంట కడిగి కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఆముదం, పాలు లాంటి ఇంటి వైద్యాలు చేయకండి. మీ నర్సరీలో పనిచేసే ఆడవాళ్లకు, మొక్కల మధ్య తిరిగే పిల్లలకు కూడా ఈ సంగతి చెప్పండి.

కోతకు కొత్త కట్టర్ బ్లేడు వాడండి. ప్రతి కోతకు ముందు దూదితో స్పిరిట్ రాసి తుడవండి. రంపంలా ముందుకూ వెనక్కీ లాగకుండా ఒకే ఊపున కోయాలి. కోసిన వెంటనే ముక్క అడుగు భాగాన్ని మాత్రమే చల్లటి నీళ్లలో ఐదు నిమిషాలు ముంచితే పాలు ఆగుతాయి. జుట్టు మడతల్లోకి నీళ్లు పోనివ్వొద్దు. తర్వాత పొడి గుడ్డతో అద్ది, కార్బెండజిమ్, మాంకోజెబ్ కలిసిన పొడి మందును గాయానికి పలచగా అద్దండి. తల్లి మొక్క మీది గాయానికి కూడా అద్దాలి, చాలామంది అది మరిచిపోతారు.

కోసిన తీరు, ఎంచుకున్న నెల పక్కన పెడితే మీరు ఇక్కడి దాకా దాదాపు సరిగానే చేశారు. తప్పు దీని తర్వాత జరిగింది. కడిగిన ముక్కల్ని అదే రోజు నాటేశారు. ఈ ముక్కల్ని నీడలో, గాలి ఆడే చోట రెండు వారాలు ఆరబెట్టాలి. గాయం వెడల్పుగా ఉంటే మూడు వారాలు. నేల మీద పడుకోబెట్టకండి, ఖాళీ కుండీ అంచుకు ఆనించి నిటారుగా నిలబెట్టండి. గాయం మీద గోటితో నొక్కి చూడండి. గోరు దిగితే ఇంకా ఆగాలి. మానిన పుండు మీద పెచ్చు కట్టినట్టు గట్టిగా తగిలితే నాటుకోవచ్చు. ఇన్నాళ్లు నీళ్లు లేకపోతే చచ్చిపోతుందని టెన్షన్ పడకండి. లోపల నిల్వ ఉన్న నీరు నెల దాకా సరిపోతుంది. పై అంచు కొద్దిగా ముడుచుకున్నా ఫర్వాలేదు.

నాటే మిశ్రమంలో మీరు వాడిన కోకోపీట్ మరీ ఎక్కువ. దొడ్డు ఇసుకను జల్లెడ పట్టి, సన్నం పారబోసి, కడిగి ఆరబెట్టింది రెండు వంతులు, పెర్లైట్ (తేలికైన తెల్లటి గుల్ల రాయి) ఒక వంతు, కోకోపీట్ ఒక వంతు కలపండి. పెర్లైట్ ఖరీదు అనుకుంటే చిక్కుడు గింజంత ఇటుక ముక్కలు వేసుకోవచ్చు. ఒక్కటి మాత్రం వద్దు, నల్లరేగడి. చిన్న కుండీలే వాడాలి, పెద్ద కుండీలో తడి ఆరదు. ముక్కను రెండు సెంటీమీటర్ల కన్నా లోతు దించకండి, జుట్టు బరువుకు ఒరగకుండా చుట్టూ గులకరాళ్లు పేర్చండి. నాలుగైదు రోజుల దాకా నీళ్లు వద్దు. తర్వాత కుండీ అంచు వెంబడి కొద్దిగా పోసి, మిశ్రమం పూర్తిగా ఆరాకే మళ్లీ పోయాలి. పై నుంచి స్ప్రేయర్‌తో కొట్టొద్దు. 50 శాతం షేడ్‌నెట్ చాలు. హార్మోన్ పొడి గురించి చాలామంది అడుగుతారు. వేస్తే నష్టం లేదు, వేయకపోయినా వేరు వస్తుంది. ఆరబెట్టకుండా హార్మోన్ వేస్తే మాత్రం ఏం లాభం లేదు.

వేరు పట్టడానికి రెండు మూడు నెలలు పడుతుంది. వచ్చిందా లేదా అని పీకి చూడకండి. అంచు వెంబడి లేత రంగులో సన్నటి కొత్త గీత కనిపించి, దాని మీద చిన్న చిన్న మెత్తటి ముళ్లు మొలిస్తే పని అయినట్టే. ఎరువులు అప్పటిదాకా వద్దు. ఆ తర్వాత 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే ఎరువు) లీటరు నీటికి 1 గ్రాము చొప్పున నెలకొకసారి సరిపోతుంది.

జుట్టు మీద లేచిన నిటారు కొమ్మల సంగతి. వాటిని మీరు పిలకలు అనుకుని నాటారు. అవి జుట్టు గుణం పోయి మామూలు రూపానికి తిరిగిపోయిన కొమ్మలు. వాటి పక్కలకు మూడు నాలుగు పలకలు, మధ్యలో తెల్లటి చార ఉంటాయి. అవి జుట్టు కన్నా వేగంగా పెరిగి ఆహారమంతా లాక్కుంటాయి, వదిలేస్తే రెండు మూడేళ్లలో జుట్టే వెనకబడిపోతుంది. మీ రెండో తల్లి మొక్క మీద ఎడమ వైపు ఒకటి లేచింది, ఫొటోలో కనిపిస్తోంది. దాన్ని మొదలంటా తీసేయండి. సగంలో కోస్తే మళ్లీ చిగురిస్తుంది. పనిలో పనిగా ఆ మడతల్లోకి టార్చి వేసి చూడండి. తెల్లగా దూదిలా ఉన్నది పిండినల్లి అనిపిస్తోంది. కొద్దిగా ఉన్నప్పుడే ఇయర్ బడ్‌ను స్పిరిట్‌లో ముంచి తుడిచేస్తే పోతుంది. ముదిరితే ఇమిడాక్లోప్రిడ్ 17.8 శాతం మందు లీటరు నీటికి 0.3 మి.లీ. కలిపి సాయంత్రం పూట మడతలు తడిసేలా కొట్టండి. ఈ ఒక్కసారికి మడతలు తడవక తప్పదు, ఫ్యాను గాలికి ఆరబెట్టండి. కటింగ్ తీసే ముందే పిండినల్లిని పూర్తిగా వదిలించాలి, లేకపోతే కొత్త కుండీలన్నిటికీ మీరే పంచినవారవుతారు.

ఎకెవేరియా, సెడమ్ లాంటి మెత్తటి సక్యులెంట్ల (నీరు నిల్వ చేసుకునే దళసరి మొక్కల) క్రెస్టెడ్ రకాలు పెట్టుకుంటే వాటి అదును వేరు, అక్టోబరు చివర, నవంబరు. వాటిని ఆకులతో పెంచితే చాలావరకు మామూలు మొక్కలే వస్తాయి. వాటికీ అంచుతో సహా కొమ్మే కోయాలి.

మిగిలిన ఒక్క జుట్టు ముక్కను ఇవాళే బయటికి తీసి అడుగు చూడండి. మెత్తగా, గోధుమ రంగులో ఉంటే లోపల తెల్లగా, పచ్చగా కనిపించే దాకా పలచగా చెక్కుకుంటూ పోండి. గోధుమ రంగు చుక్క ఒక్కటి మిగిలినా కుళ్లు మళ్లీ పైకి పాకుతుంది. బాగుంటే పొడి మందు అద్ది, నీళ్లు లేకుండా, చలి గాలి తగలని వరండాలో ఫిబ్రవరి దాకా ఆనించి పెట్టండి.

ఇక మీరు దండగ అనుకుంటున్న ఆకుజెముడు ముక్కలు నాలుగు. వాటిని పారేయకండి. జుట్టు మొక్క సొంత వేరు మీద నిదానంగా పెరుగుతుంది, ఆకుజెముడు మీద అంటు కడితే జోరుగా పెరుగుతుంది. మార్కెట్లో అంటు మొక్కలే ఎక్కువ ఉండటానికి కారణం ఇదే. మీ దగ్గర వేరు పట్టిన వేరుమూలాలు నాలుగు సిద్ధంగా ఉన్నాయి. ఫిబ్రవరిలో వాటిని ఒక జానెడు ఎత్తులో కోసి, నడిమధ్యన వీ ఆకారంలో గాటు పెట్టండి. జుట్టు ముక్క అడుగును అదే కొలతకు మేకులా చెక్కి, రెండు వైపులా పాలు తడిగుడ్డతో తుడిచి, ఆరిపోకముందే దించి రబ్బరు బ్యాండ్లతో బిగించాలి. ఇక్కడ ఆరబెట్టే పని లేదు, కటింగ్‌కూ అంటుకూ తేడా అదే. రెండు వారాలు నీడలో ఉంచి, అతుకు మీద నీటిచుక్క పడకుండా చూసుకోండి. ఆ తర్వాత కింది నుంచి వచ్చే ఆకుజెముడు చిగుళ్లను ఎప్పటికప్పుడు గిల్లేయాలి. డ్రాగన్ ఫ్రూట్ కాడల మీద కడితే తొందరగా వస్తుందని ఎవరైనా చెబితే వినకండి. అది నిజమైన కాక్టస్ జుట్టు మొక్కలకు పనికొస్తుంది గానీ పాలు కారే జెముడుకు పట్టదు, రెండింటి కుటుంబాలే వేరు.

రెండో తల్లి మొక్క నుంచి ఈసారి రెండు ముక్కలే తీయండి. ఒకటి ఆరబెట్టి ఇసుకలో, ఒకటి ఆకుజెముడు మీద. వానలు మొదలయ్యేలోగా రెండింటి అంచుల వెనక ఒక కాగితం పెట్టి ఫొటో తీసి పంపండి.