రాయి పగల్లేదు, రిపోర్టు మాత్రం వచ్చింది

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో నాలుగు రాయి బలం గురించే. ఏకశిలా నగరం అని పేరున్న ఊరి చుట్టుపక్కలవాళ్లు అది కాకపోతే ఇంకేం అడుగుతారు లెండి.

ప్రశ్న: సార్, మా దగ్గర గుడి మండపానికి గ్రానైట్ స్తంభాలు నిలబెడుతున్నాం, నేను సైట్ సూపర్‌వైజర్ని. కాంక్రీట్ క్యూబ్ సైజులోనే 150 మిల్లీమీటర్ల రాతి క్యూబ్ కోయించి ల్యాబ్‌కి పంపితే బలం 88.9 మెగాపాస్కల్ అని రాసిచ్చారు. క్వారీవాళ్లేమో మా రాయి 150కి తగ్గదంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?
– ఓ పాఠకుడు, హన్మకొండ

జవాబు: ఆ 88.9 చూడగానే నవ్వొచ్చింది తమ్ముడూ, ఎందుకంటే అది మీ రాయి బలం కాదు, ఆ మిషన్ బలం. క్యూబ్‌లు పగలగొట్టే మిషన్లు మన దగ్గర చాలావరకు 2000 కిలోన్యూటన్లవి, అంటే సుమారు 200 టన్నులవి. మీ క్యూబ్ ముఖం 150 బై 150, అంటే 22,500 చదరపు మిల్లీమీటర్లు. 20 లక్షల న్యూటన్లను 22,500తో భాగించి చూడండి, 88.9 వస్తుంది (చదరపు మిల్లీమీటరుకు ఒక న్యూటన్ అంటేనే ఒక మెగాపాస్కల్). మిషన్ తన చివరి అంకె దాకా వెళ్లి ఆగిపోయింది, రాయి కదలకుండా కూర్చుంది, ఎవరో ఆ అంకెనే లెక్కకట్టి కాగితం మీద పెట్టారు. నా మాట మీద అనుమానం ఉంటే పగిలిన ముక్కలు చూపించమని అడగండి. ‘పగల్లేదు’ అని ఒక్క ముక్క రాసుంటే మీకీ టెన్షన్ ఉండేది కాదు.

ఎం20 కాంక్రీట్‌కి (అంటే 20 మెగాపాస్కల్ రకానికి) ఆ సైజు సరిపోతుంది, 45 టన్నుల దగ్గరే పగులుతుంది కాబట్టి. మంచి గ్రానైట్ మామూలుగా 100 నుంచి 250 మెగాపాస్కల్ మధ్య ఉంటుంది (ఒక మెగాపాస్కల్ అంటే చదరపు సెంటీమీటరుకు దాదాపు పది కిలోల బరువు అనుకోండి), దానికి చిన్న ముక్క కావాలి. కట్టడాల రాళ్లకు మనకు ఐఎస్ 1121 అనే ప్రమాణం ఉంది, దాని ప్రకారం క్యూబ్ అంచు గానీ సిలిండర్ వ్యాసం గానీ 50 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. 50 క్యూబ్ తీసుకుంటే ముఖం 2,500 చదరపు మిల్లీమీటర్లే, 150 మెగాపాస్కల్ రాయి అయినా 38 టన్నులకు పగిలిపోతుంది, అదే మిషన్ మీద హాయిగా చేసుకోవచ్చు.

అసలు కష్టం మిషన్ దగ్గర కాదు, ముక్క తయారీ దగ్గర. పైముఖం, కిందిముఖం అద్దంలా చదునుగా ఉండాలి, ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. రాక్ మెకానిక్స్‌వాళ్లు 0.02 మిల్లీమీటర్ల తేడా కూడా ఒప్పుకోరు, అది తలవెంట్రుక కంటే సన్నం. నేను ల్యాబ్‌లో చేరిన కొత్తలో ఓ కోర్ ముక్కను (డ్రిల్లుతో తీసిన గుండ్రటి కడ్డీ ముక్క) సరిగ్గా అరగదీయకుండా మిషన్ కింద పెట్టేశాను, బరువంతా ఒక మూల మీద పడి పెచ్చు లేచిపోయింది, వచ్చిన అంకె పక్క ముక్కలో సగం కూడా లేదు. తప్పు నాది, చెడ్డపేరు రాయికి. ముఖాలకు అట్టముక్కలు పెట్టి సరిపెట్టేవాళ్లని కూడా చూశాను, దయచేసి అది చెయ్యనివ్వకండి.

ఇంకో సంగతి, పొట్టి ముక్క ఎక్కువ బలం చూపిస్తుంది. పైనా కిందా ఉన్న ఉక్కు పలకలు రాపిడితో రాయి చివర్లను పక్కకు జరగనివ్వవు, క్యూబ్‌లో ఆ పట్టు దాదాపు మధ్య దాకా పాకుతుంది. అందుకే గనులవాళ్లు, సొరంగాలవాళ్లు క్యూబ్ జోలికి పోకుండా 54 మిల్లీమీటర్ల కోర్ తీసి, పొడవు వ్యాసానికి రెండున్నర రెట్లు ఉంచి పరీక్షిస్తారు. ముక్క పెద్దదయ్యేకొద్దీ బలం తగ్గుతుంది కూడా, పెద్ద ముక్కలో ఎక్కడో ఓ సన్నని చీలిక ఉండే అవకాశం ఎక్కువ కదా. కాబట్టి క్వారీవాళ్ల 150 ఏ ఆకారం మీద, ఏ సైజు మీద వచ్చిందో అడగకుండా రెండు అంకెల్ని పక్కపక్కన పెట్టొద్దు.

ల్యాబ్‌కి మళ్లీ పంపేటప్పుడు కొన్ని ముక్కల్ని మూడు రోజులు నీళ్లలో నానబెట్టి, కొన్నింటిని 105 డిగ్రీల ఓవెన్‌లో 24 గంటలు ఆరబెట్టి, రెండు రకాలుగా చేయించండి, ఒక్కోదానికి కనీసం మూడు ముక్కలు. బరువు నిమిషానికి చదరపు సెంటీమీటరుకు 140 కిలోల చొప్పున పెరగాలి, అంటే 150 మెగాపాస్కల్ రాయి పగలడానికి పదకొండు నిమిషాలు పడుతుంది. టీ టైమ్ అయిందని రెండు నిమిషాల్లో దంచేస్తే అంకె ఎక్కువ వస్తుంది. మిషన్ ముందు జాలీ అడ్డం ఉందో లేదో కూడా చూసుకోండి. గట్టి గ్రానైట్ కాంక్రీట్‌లా మెల్లగా నలగదు, దీపావళి బాంబులా పేలుతుంది, ముక్కలు కళ్లలోకి వస్తాయి.

ప్రశ్న: అన్నా, మా ఊరు భూపాలపల్లి వైపు. ఇంటి పునాదికి ఇక్కడి ఇసుకరాయి వాడదామంటే మేస్త్రీ గ్రానైటే కావాలంటున్నాడు. ఇసుకరాయి అంత బలహీనమా?
– ఓ పాఠకుడు, ములుగు

జవాబు: అంకెల్లో బలహీనమే, ఇసుకరాయి 20 నుంచి 170 మెగాపాస్కల్ దాకా ఎక్కడైనా ఉండొచ్చు. రేణువుల్ని పట్టి ఉంచే బంక సిలికా అయితే గట్టి, బంకమట్టి అయితే నీళ్లు తగలగానే బలం బాగా పడిపోతుంది. కానీ మీ ఇంటికి కావాల్సింది ఎంత? వంద మీటర్ల ఎత్తు గ్రానైట్ స్తంభం నిలబెట్టినా దాని అడుగున పడే ఒత్తిడి 2.6 మెగాపాస్కల్ మాత్రమే. రెండంతస్తుల ఇంటి పునాదిలో అందులో సగం కూడా పడదు. మీ పక్కనే పాలంపేటలో 1213 నాటి రామప్ప గుడి గోడలు ఇసుకరాయివే కదా. ముక్కని వారం నీళ్లలో నానేసి సుత్తితో కొట్టి చూడండి, పొడిగా రాలితే వద్దు, ఖంగుమంటే వాడుకోండి. పొరలు అడ్డంగా పడుకునేలా పెట్టమనండి, నిలువుగా కాదు.

ప్రశ్న: నమస్తే సార్. వంటింటి గట్టుకి గ్రానైట్ వేయించి రెండు నెలలు కాలేదు, సింక్ పక్కన అడ్డంగా పగిలింది. షాపువాళ్లు 200 మెగాపాస్కల్ రాయి, పగలడానికి వీల్లేదు, మీరే ఏదో బరువు వేశారంటున్నారు.
– ఓ గృహిణి, కరీంనగర్

జవాబు: అమ్మా, 200 అన్నది అబద్ధం కాకపోవచ్చు, కానీ మీ గట్టుకి ఆ అంకెతో పని లేదు. అది నొక్కితే ఎంత ఆపుతుందన్న లెక్క. మీ రాయిని ఎవరూ నొక్కలేదు, అది వంగింది. పలక వంగినప్పుడు అడుగు భాగం సాగాలి, రాయికి సాగడం చేతకాదు. సాగదీసినప్పటి బలం నొక్కినప్పటి బలంలో పదో వంతు, ఒక్కోసారి ఇంకా తక్కువ. సింక్ కోసం మధ్యలో కోసేశాక ముందూ వెనకా మిగిలేది నాలుగు వేళ్ల వెడల్పు పట్టీ, దాని కింద ఆసరా లేకపోతే, మూలలు గుండ్రంగా కాకుండా లంబకోణంగా కోసి ఉంటే, చీలిక ఆ మూల నుంచే మొదలవుతుంది. మీరు చూడండి, అక్కణ్నుంచే మొదలై ఉంటుంది. కొత్త పలక వేయించేటప్పుడు సింక్‌కి రెండు పక్కలా ఆసరా కట్టించండి, మూలలు గుండ్రంగా కోయించండి. షాపులో అడగాల్సింది కూడా వంపు బలం ఎంత అని. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే షాపు నాకైతే ఇంతవరకు తగల్లేదు.

ప్రశ్న: సార్, నేను డిప్లొమా చదువుతున్నా. ప్రాజెక్టుకి మా ఊరి గుట్టల రాయి బలం కొలవాలి, కాలేజీలో పెద్ద మిషన్ లేదు. వేరే దారి ఉందా?
– ఓ విద్యార్థి, జగిత్యాల

జవాబు: ఉంది. పాయింట్ లోడ్ అని చిన్న చేతి జాకీలాంటి పరికరం, రెండు మొనల మధ్య రాయిని పెట్టి నొక్కితే చీలిపోతుంది. 54 మిల్లీమీటర్ల కోర్‌ని పెద్ద మిషన్ మీద 150 మెగాపాస్కల్ దగ్గర పగలగొట్టాలంటే 35 టన్నులు కావాలి, ఇక్కడ రెండు టన్నులకే పని అయిపోతుంది, ఎందుకంటే ఇక్కడా రాయి విడిపోయేది సాగదీస్తే తట్టుకోలేని బలహీనత వల్లే. పగిలిన బరువుని న్యూటన్లలో తీసుకుని వ్యాసం వర్గంతో భాగించి, 20 నుంచి 25 మధ్య అంకెతో గుణించండి. 20 వేల న్యూటన్లకు పగిలిందనుకో, 54 వర్గం 2,916తో భాగిస్తే 6.9 వస్తుంది, 22తో గుణిస్తే 150 చిల్లర. ఒక ముక్కతో ఆపకుండా పది చేసి, అన్నింటికంటే ఎక్కువ వచ్చిన రెండూ, తక్కువ వచ్చిన రెండూ తీసేసి సగటు చూడు.

అదీ దొరక్కపోతే ష్మిట్ సుత్తి, రాయి మీద కొడితే ఎంత ఎగిరి వెనక్కొస్తుందో చూసి బలం అంచనా వేసేది. స్విట్జర్లాండ్ ఇంజినీర్ ఎర్నెస్ట్ ష్మిట్ కాంక్రీట్ కోసం చేసింది, రాయికి మాత్రం తక్కువ దెబ్బ కొట్టే ఎల్ రకం తెచ్చుకో. పైన మొరంలా మారిన పొర మీద కొడితే గుట్ట మొత్తానికి తక్కువ మార్కులు పడతాయి, తాజాగా చీల్చిన ముఖం మీద కొట్టాలి. పనిలో పనిగా మీ ఊళ్లో కడీలు చీల్చే పెద్దాయన ఎవరైనా ఉంటే వెంట తీసుకెళ్లు. రాయి ఏ వైపు తేలిగ్గా చీలుతుందో ఆయన చెయ్యి పెట్టి చెప్తాడు, నువ్వు ఆ వైపు, దానికి అడ్డంగా రెండు వైపులా కొలిచి తేడా రాసుకో.