త్సాయ్-వు సూచిక 1 దాటినా ప్లేటు ఎందుకు తెగలేదు?

గ్లాస్-ఎపాక్సీ 0/90 ప్లేటును (రెసిన్‌లో గాజు పోగులున్న పొరలను లాగే దిశకు 0, 90 డిగ్రీల కోణాల్లో పేర్చినది) కంప్యూటర్‌లో షెల్ ఎలిమెంట్లతో, అంటే పలుచని పలకల్లాంటి ముక్కలతో మోడల్ చేసి లాగితే ఒక లోడు దగ్గర త్సాయ్-వు సూచిక (పొర దెబ్బతినే హద్దును 1గా చూపే అంకె) 1 దాటిందనీ, ల్యాబులో అదే ప్లేటు అంతకు మూడు రెట్లు మోసిందనీ, మెటీరియల్ విలువలు తప్పా అనీ మీరు అడిగారు. విలువలను అనుమానించే ముందు ఆ 1 ఏ పొరలో వచ్చిందో చూడండి. దాదాపుగా అది 90 డిగ్రీల పొరే అయి ఉంటుంది.

ఎం.టెక్. ప్రాజెక్టులో నేనూ ఇక్కడే చిక్కుకున్నాను. ఒకసారి లోడింగు మధ్యలో ఆపి, ప్లేటును తీసి కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే, లాగిన దిశకు అడ్డంగా వెంట్రుకల్లాంటి తెల్లని గీతలు వరుసగా కనిపించాయి. అవి 90 పొరలో రెసిన్ చీలిన గుర్తులు. ఆ పొర అర శాతం స్ట్రెయిన్ (సాగుదల) దరిదాపుల్లోనే చీలుతుంది. లోడును మోసే 0 డిగ్రీల గాజు పోగులు మాత్రం రెండు శాతం వరకూ నిలుస్తాయి. అంటే మీ మోడల్ చెప్పింది తొలి చీలికను, ప్లేటు తెగడాన్ని కాదు. 1971 నాటి త్సాయ్-వు ప్రమాణం అన్ని స్ట్రెస్‌లనూ ఒకే సమీకరణంలో కలిపేస్తుంది కనుక, పోయింది పోగో రెసినో చెప్పదు. హాషిన్ 1980లో ఇచ్చిన ప్రమాణాలు ఆ రెంటినీ విడివిడిగా చూస్తాయి. వాటికి మారి, దెబ్బతిన్న పొర దృఢత్వాన్ని క్రమంగా తగ్గిస్తూ విశ్లేషణను కొనసాగించండి.

అయితే అక్కడ మెష్, అంటే మోడల్‌ను ఎలిమెంట్లుగా విడగొట్టిన తీరు, ఇబ్బంది పెడుతుంది. ఎలిమెంటు చిన్నదయ్యే కొద్దీ చీలికకు ఖర్చయ్యే శక్తి కూడా తగ్గిపోతుంది కనుక, ఫ్రాక్చర్ ఎనర్జీని (చీలికకు పట్టే శక్తి, G) ఎలిమెంటు పొడవుతో ముడిపెడతారు. దానికీ హద్దుంది: పొడవు 2EG/Y² కన్నా తక్కువ ఉండాలి. పోగులకు అడ్డు దిశలో దృఢత్వం E 10,000 మెగాపాస్కల్స్, G మిల్లీమీటరుకు 0.25 న్యూటన్లు, బలం Y 50 మెగాపాస్కల్స్ అనుకుంటే అది 2 మిల్లీమీటర్లే. నేను 5 మిల్లీమీటర్ల మెష్ వాడి, సొల్యూషన్ కన్వర్జ్ కావడం లేదని (లెక్క ఒక జవాబు దగ్గర కుదురుకోవడం లేదని) విస్కస్ రెగ్యులరైజేషన్‌ను, అంటే దెబ్బ పెరిగే వేగాన్ని కృత్రిమంగా తగ్గించే సర్దుబాటును, పెంచుకుంటూ పోయాను. కన్వర్జ్ అయింది కానీ తెగే లోడు అబద్ధంగా పెరిగింది. ఆ గ్రాఫ్‌ను గైడుకు చూపించాక గానీ నాకు అర్థం కాలేదు.

పొరలు విడిపోవడాన్ని మామూలు షెల్ మోడల్ పట్టుకోలేదు. అంచుల దగ్గర అది కనిపిస్తుంటే పొరల మధ్య కొహెసివ్ ఎలిమెంట్లు (జిగురులా పట్టి ఉంచి, హద్దు దాటితే విడిపోయేవి) పెట్టక తప్పదు.

మీ విలువల సంగతికొస్తే, టెస్టులో వచ్చిన లోడు-స్ట్రెయిన్ గ్రాఫ్‌లో వాలు తొలిసారి ఎక్కడ తగ్గిందో చూడండి. అది సూచిక 1 వచ్చిన లోడుకు దగ్గర్లోనే ఉంటే వాటిని మార్చకండి.