రాజకుటుంబపు పెళ్ళి మీద చైనా కామెడీ ఏది చూడాలి? అలాంటి పెళ్ళిళ్ళు నిజంగా జరిగేవా?

మీరు రెండు విషయాలు అడిగారు. రాజకుటుంబంలో పెద్దలు కుదిర్చిన పెళ్ళి చుట్టూ తిరిగే చైనా పాతకాలపు ప్రేమకథల్లో, అందులోనూ నవ్వించేవాటిలో, ఏది మొదట చూడాలన్నది ఒకటి. అలాంటి పెళ్ళిళ్ళు నిజంగా జరిగేవా అన్నది రెండోది.

మొదటిదానికి నేను ఒక్క పేరే చెప్తాను, ‘న్యూ లైఫ్ బిగిన్స్’. 2022 నవంబరులో ఐచియీ అనే చైనా వీడియో యాప్‌లో వచ్చింది. మొత్తం 40 ఎపిసోడ్లు. నేను రెండుసార్లు చూశాను. మొదటిసారి ఒక్కదాన్నే, పెళ్ళికి ముందు. రెండోసారి కాకినాడలో అత్తారింట్లో, మా తోడికోడలితో కలిసి. మొదటిసారి ప్రేమకథ అనుకున్నాను. రెండోసారి చూస్తే ఇది ఆ ఇంటి ఆడవాళ్ళ కథ.

కథ కల్పిత లోకంలో నడుస్తుంది. తొమ్మిది రాజ్యాలు, అన్నిటి పేర్లూ ‘చువాన్’తోనే ముగుస్తాయి. చువాన్ అంటే నది. అన్నిట్లో బలమైనది షిన్‌చువాన్. మిగతా రాజ్యాలవాళ్ళు తమ ఆడపిల్లల్ని అక్కడికి పంపితే, అక్కడి ఏలిక కొడుకులకు వాళ్ళలోంచి ఎంచి కట్టబెడతారు. నాయిక లీ వెయ్ (తియాన్ షీవెయ్ వేసింది) జీచువాన్ అనే చిన్న చోటు నుంచి వస్తుంది. అక్కడ మగవాడికి ఒక్కతే భార్య. కాబట్టి ఈ ఎంపికలో తప్పిపోయి ఇంటికి వెళ్ళిపోవాలన్నదే ఆ పిల్ల కోరిక. అది తీరదు. ఆ ఇంట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఆరో కొడుకు యిన్ జెంగ్ (బాయ్ జింగ్‌టింగ్) ఇంటికి చేరుతుంది, అదీ పెద్దభార్యగా కాదు. ఆ స్థానం యువాన్ యింగ్ అనే ఇంకో రాజ్యపు అమ్మాయిది. ఆమెకు జమాఖర్చుల లెక్కలంటే ప్రాణం.

సవతి గడప తొక్కుతోందంటే మనం దేనికి సిద్ధపడతామో మీకు తెలుసు. ఇక్కడ అది జరగదు. లీ వెయ్ మొదట భయపడుతుంది, తర్వాత ఇద్దరూ ప్రాణస్నేహితులవుతారు. మిగతా కొడుకుల భార్యలు కూడా ఒక్కొక్కరే వీళ్ళతో కలుస్తారు. ఈ సీరియల్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి ఈ ఆడవాళ్ళంతా ఒకచోట కూర్చుని తింటూ మాట్లాడుకునే దృశ్యాలే. హీరో చాలా మంచివాడు, ఆ జంట చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. అయినా నేను వెనక్కి తిప్పి చూసుకున్నవి ఆ భోజనాలే.

మా అక్కకి (తోడికోడలిని నేను అక్క అనే పిలుస్తాను) ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ వేగంగా చదవడం రాదు. అందుకని రాత్రి వంటిల్లు సర్దేశాక రెండేసి ఎపిసోడ్లు పెట్టుకుని, నేను తెలుగులో చెప్తూ ఉండేదాన్ని. సబ్‌టైటిల్స్‌లో అందరూ అందరికీ ‘సిస్టర్’. ఎవరు ఎవరికి ఏమవుతారో తెలియక నేను తడబడుతుంటే అక్క వెంటనే సర్దేసింది: “ఆ ఇద్దరూ తోడికోడళ్ళు, ఈ ఇద్దరూ సవతులు. నువ్వు అట్లాగే చెప్పు.” తర్వాత వెతికితే తెలిసింది, చైనా భాషలోనూ తోడికోడళ్ళకు విడిగా ఒక మాట ఉంది, ‘జౌలీ’ అని. అది ఇంగ్లీషులోకి వచ్చేటప్పుడు జారిపోయింది, మన భాషలోకి తెస్తే నిలిచింది.

ఇక మీ రెండో ప్రశ్న. జరిగేవి, కానీ ఇంత నవ్వుతూ కాదు. ఈ సీరియల్‌కి మూలమైన నవల చైనాను చివరగా ఏలిన చింగ్ వంశకాలంలో నడుస్తుంది. ఆ వంశం పాలనలో ‘ఎనిమిది జెండాలు’ అనే సైనిక విభాగాలకు చెందిన కుటుంబాల ఆడపిల్లలు యుక్తవయసు రాగానే మూడేళ్ళకోసారి జరిగే ఎంపికకు బీజింగ్‌లోని రాజప్రాసాదానికి వెళ్ళాలి. ఆ ఎంపిక ముగిసేదాకా ఇంట్లో పెళ్ళి చేయడానికి లేదు. నచ్చినవాళ్ళను చక్రవర్తి అంతఃపురానికో, రాకుమారులకో కేటాయించేవారు. మిగిలినవాళ్ళు ఇంటికెళ్ళి పెళ్ళి చేసుకోవచ్చు. తర్వాత దేశాన్ని తెరవెనుక నుంచి ఏలిన సీషీ కూడా ఈ దారినే 1852లో లోపలికి అడుగుపెట్టింది. తప్పిపోవాలని లీ వెయ్ ఎందుకంత ఆరాటపడుతుందో ఇది తెలిస్తే అర్థమవుతుంది.

దూరదేశపు రాజులకు పిల్లనిచ్చి శాంతి కొనుక్కోవడం ఇంకా పాతది. దాన్ని ‘హచిన్’ అంటారు. హాన్ వంశపు వూ చక్రవర్తి క్రీస్తుపూర్వం 105 ప్రాంతంలో లియూ షీజూన్ అనే రాజవంశపు అమ్మాయిని పడమటి గడ్డిభూముల్లోని వూసున్ అనే తెగ రాజుకిచ్చి పంపాడు. ఆయన ముసలివాడు, ఈమె భాష ఆయనకు రాదు. ఆమె పేరున ఒక పాట మిగిలింది. గుడారమే ఇల్లు, ఉన్నికంబళ్ళే గోడలు, మాంసమే తిండి, పులిసిన పాలే పానీయం, పసుపుపచ్చని హంసనై మా ఊరికి ఎగిరిపోవాలనుంది అంటుంది అందులో. ముసలిరాజు తన మనవడికిచ్చి చేస్తానన్నప్పుడు ఆమె చక్రవర్తికి మొరపెట్టుకుంది. అక్కడి ఆచారం ప్రకారమే నడుచుకోమని జవాబొచ్చింది.

ఆ పాటలో తిండి మాట దగ్గర నేను ఆగిపోయాను. మాది కర్నూలు వైపు. ఇక్కడ కాకినాడలో రెండు పూటలా అన్నమే, అదీ ఎంతో ప్రేమగా పెడతారు, వంక పెట్టడానికి లేదు. కానీ ఆరునెలలు జొన్నరొట్టె మొహం చూడలేదు. ఆ రాత్రి లీ వెయ్ ఇంటి మీద బెంగతో ఉన్న దృశ్యం తెలుగులో చెప్తూ చెప్తూ నా గొంతు పట్టేసింది. అక్క ఏమీ అనలేదు. రెండు రోజుల తర్వాత జొన్నపిండి తెచ్చి, ఎలా తట్టాలో చెప్పమంది. మొదటి నాలుగూ పెనం మీదే విరిగిపోయాయి. ఐదోది నిలిచింది.

ఒక్క హెచ్చరిక. చివరి పది ఎపిసోడ్లలో రాజకీయం ఎక్కువై కాస్త సాగుతుంది. అక్కడ ఓపిక పట్టండి. ఇంకొకటి, చూసేముందు ‘హెలీ’ అన్న మాట తెలిసుంటే మంచిది. భార్యాభర్తలిద్దరూ ఒప్పుకుని, తగువు లేకుండా విడిపోవడం. తాంగ్ వంశపు శిక్షాస్మృతి దీన్ని నేరంగా చూడలేదు. అదే చట్టం, భార్య ఉండగా ఇంకొకర్ని భార్యగా తెచ్చుకుంటే మాత్రం ఏడాది కఠినశ్రమ వేసింది. ఉంపుడుగత్తె వేరు, భార్య వేరు అని వాళ్ళ లెక్క. దున్‌హువాంగ్ గుహల్లో దొరికిన పాత విడాకుల పత్రాల్లో ఒకదానిలో భర్త, ఇక విడిపోయి ఇద్దరమూ తేలికపడదాం, ఎవరి సంతోషం వాళ్ళం వెతుక్కుందాం అన్న అర్థంలో రాశాడు. వెయ్యేళ్ళు దాటిన కాగితం అది.

యువాన్ యింగ్ పెద్దభార్య చిక్కు ఎలా తేలుతుందో నేను చెప్పను. ఆమె తెర మీదికి వచ్చినప్పుడల్లా ఆ కాగితం గుర్తుచేసుకోండి.