తట్టు టీకా: చట్టం పట్టుపట్టాలా?

ప్రశ్న: మా తోటికోడలు తన పాపకు పోలియో చుక్కలు వేయించింది గానీ, తొమ్మిదో నెల నిండినా తట్టు టీకా వేయించడం లేదు. మేము గట్టిగా అడిగితే "ఏ చట్టంలో ఉందో చూపించండి" అంటోంది. నిజంగానే అలాంటి చట్టం లేదా? లేకపోతే, పిల్లల టీకాలను ప్రభుత్వం తప్పనిసరి చేయడం మంచిది కాదా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: చట్టం వరకు ఆమె మాటే నిజం. 1880 నాటి చట్టంతో బ్రిటిష్ ప్రభుత్వం కొన్ని ప్రాంతాల్లో మశూచి టీకాను నిర్బంధం చేసింది గానీ, 1985లో మొదలైన సార్వత్రిక టీకా కార్యక్రమం ఉచితంగా టీకాలు వేయడమే తప్ప ఎవరినీ నిర్బంధించదు. బడుల్లో తట్టు, రుబెల్లా టీకా వేయడానికి తల్లిదండ్రుల సమ్మతి అక్కర్లేదని ఢిల్లీ ప్రభుత్వం తలపెట్టినప్పుడు, అది కుదరదని, టీకా మేలుతోపాటు దాని దుష్ప్రభావాలను కూడా ముందుగా తెలపాలని 2019 జనవరిలో అక్కడి హైకోర్టు స్పష్టం చేసింది. కోవిడ్ టీకా కేసులో ఎవరినీ బలవంతపెట్టరాదని 2022లో చెప్పిన సుప్రీంకోర్టు, ప్రజారోగ్యం కోసం తగుమేరకు ఆంక్షలు విధించవచ్చని కూడా అన్నది. ఈ రెండో మాటను చాలామంది సౌకర్యంగా మరచిపోతుంటారు.

అయితే చట్టం అడగనంత మాత్రాన ఆమె చేస్తున్నది సబబు కాదు. తట్టు గాలి ద్వారా సోకుతుంది. దాని వ్యాప్తి ఆగాలంటే నూటికి సుమారు 95 మందికి రక్షణ ఉండాలి. టీకా వయసు రాని పసికందులకు, కీమోథెరపీ వల్ల ఈ టీకా తీసుకోలేని పిల్లలకు మిగిలినవారి రక్షణే దిక్కు.

ఇక నిర్బంధం సంగతి. డిస్నీలాండ్‌లో మొదలైన తట్టు వ్యాప్తి తర్వాత కాలిఫోర్నియా 2015లో చట్టం తెచ్చి, వ్యక్తిగత విశ్వాసాల పేరిట బడి పిల్లలకు ఇచ్చే మినహాయింపును తొలగించింది. అక్కడ సమస్య తెలిసి నిరాకరించేవారితో. మన దగ్గర టీకా తప్పిపోయే పిల్లల్లో చాలామంది తల్లిదండ్రులు నిరాకరించినవారు కారు. మీ జిల్లాకే మిరప కోతల వేళ ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు వస్తారు; ఏఎన్ఎం ఊళ్లోకి వచ్చే రోజున తల్లి చేనులో ఉంటుంది, టీకా కార్డు సొంతూరిలో ఉండిపోతుంది. అలాంటి తల్లికి జరిమానా వేసి సాధించేదేమిటి? బిడ్డను బడికి రానివ్వకపోవడం అంతకంటే అన్యాయం, ఎందుకంటే తల్లిదండ్రుల తప్పుకు బిడ్డ చదువు పోతుంది. కనుక నేను నిర్బంధానికి వ్యతిరేకం. బడిలో చేర్చుకునేటప్పుడు కార్డు తప్పక చూడాలి. తప్పిన డోసును అక్కడే వేయించే ఏర్పాటు చేయాలి. అంతకు మించి పట్టు అనవసరం.

మీ తోటికోడలితో వాదన మాని, పాపను ఉపకేంద్రానికి తీసుకువెళ్ళండి. సీసాలోని మందును నీటితో కలిపిన నాలుగు గంటల్లోగా వాడాలి, కాబట్టి ఎప్పుడు కలిపారో అడగండి, ఏఎన్ఎం చెప్పగలగాలి. వేయించాక అరగంట అక్కడే ఉండాలి. వారం, పన్నెండు రోజుల మధ్య కొందరికి జ్వరం, దద్దుర్లు రావచ్చు. అది ఈ టీకాకు మామూలే. ఆలస్యమైందని మానుకోవద్దు, ఐదేళ్ళలోపు ఎప్పుడైనా వేస్తారు.