బైకు మీద వెళ్లి టెంటులో ఉందామంటే ‘చూద్దాంలే’ అంటోంది

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. విశాఖలో ఉద్యోగం. పెళ్లయి రెండేళ్లయింది. 350 సీసీ బైకు ఉంది. పెళ్లికి ముందు స్నేహితులతో అరకు, వంజంగి బాగా తిరిగేవాణ్ణి. ఈ డిసెంబరులో నా భార్యతో లంబసింగి వెళ్లి, టెంటు వేసుకుని ఒక రాత్రి ఉండాలని కోరిక. తనకు చెప్పకుండానే టెంటు, రెండు స్లీపింగ్ బ్యాగులు కొనేశాను. ఎప్పుడడిగినా ‘చూద్దాంలే’ అంటుంది. గట్టిగా అడిగితే ‘నీ ఫ్రెండ్స్‌తో వెళ్లు, నేనేమైనా వద్దన్నానా’ అంటుంది. తను ఇంతవరకూ బైకు మీద ఊళ్లో తప్ప ఎక్కడికీ రాలేదు. మా అత్తగారు ఫోన్ చేసి ‘ఆడపిల్లని అడవిలో పడుకోబెడతావా బాబూ’ అన్నారు. అసలు నాతో రావడమే తనకు ఇష్టం లేదేమో అనిపిస్తోంది. ఎలా ఒప్పించాలి?

జవాబు: మీరు రాసిన దాంట్లో ఆవిడకు మీరంటే ఇష్టం లేదనడానికి ఆధారం ఒక్కటీ కనిపించలేదు. ఈ యాత్ర గురించి ఆవిడకు తెలియాల్సినవి ఎవరూ చెప్పలేదన్నది మాత్రం స్పష్టంగా కనిపిస్తోంది. ఎక్కడ పడుకుంటారు, రాత్రి బాత్‌రూముకి ఎక్కడికి వెళ్లాలి, ఘాట్‌లో బైకు వెనక ఎలా కూర్చోవాలి, వంట ఎవరు చేస్తారు, మధ్యలో వెనక్కి వచ్చేయాలనిపిస్తే మీరేమంటారు... వీటిలో ఒక్కదానికీ జవాబు తెలియని మనిషి ‘చూద్దాంలే’ అనక ఇంకేమంటుంది? పైగా అడగకుండా టెంటు కొనేశారు. మీకది సర్‌ప్రైజ్. ఆవిడకు మాత్రం తను లేకుండా జరిగిపోయిన నిర్ణయం. ముందు ఆ ఒక్క విషయం ఒప్పుకోండి: ‘నిన్ను అడగకుండా కొనేశాను, తప్పే. నువ్వు వద్దంటే వాడం’ అనండి. ఆ తర్వాత ఒప్పించే ప్రయత్నం పక్కన పెట్టి, ‘నీకు ఇబ్బందిగా అనిపించేవి ఏమేంటి?’ అని అడగండి. ఆవిడ చెప్పేవన్నీ కాగితం మీద రాసుకోండి. ‘అదేం కాదులే’ అని మాత్రం అనకండి. ఆ మాట పడితే ఆవిడ ఇక చెప్పదు. ఆవిడ చెప్పిన ఇబ్బందుల జాబితానే మీ యాత్ర ప్లాను.

సాధారణంగా ఆ జాబితాలో మొదట వచ్చేది, చాలామంది ఆడవాళ్లు నోటితో చెప్పనిది, బాత్‌రూము. అందుకే మొదటిసారి కొండ మీద ఎక్కడపడితే అక్కడ టెంటు వేసే ఆలోచన మానుకోండి. అడవి భూమిలో అటవీశాఖ అనుమతి లేకుండా మకాం వేయడం చట్టరీత్యా కూడా కుదరదు. లంబసింగి, తాజంగి చుట్టుపక్కల సొంత స్థలాల్లో టెంట్లకు చోటిచ్చేవాళ్లు ఉన్నారు. ఫోన్ చేసి ఈ ప్రశ్నలు అడగండి: బాత్‌రూముకి లోపల గడియ ఉందా, రాత్రంతా లైటు ఉంటుందా, నీళ్లు వస్తాయా, టెంట్లకు ఎంత దూరం, యజమాని రాత్రి అక్కడే ఉంటారా, పాటలు ఎన్నింటికి ఆపుతారు, కుటుంబాలు వస్తాయా. కుదిరితే ఆ ఫోన్ ఆవిడ చేతే చేయించండి. తనకు కావాల్సింది తనే అడుగుతుంది. రాత్రి లేవాల్సి వస్తే మిమ్మల్ని లేపవచ్చని, మీరు విసుక్కోకుండా తోడు వెళ్తారని ముందే చెప్పండి. తలకు పెట్టుకునే టార్చిలైట్లు రెండు కొనండి, ఒకటి చాలదు. తేదీ కూడా ఆవిడే ఖాయం చేయాలి, నెలసరి రోజులు తనకే తెలుసు కాబట్టి.

తేదీ మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. డిసెంబరు, జనవరి శని ఆదివారాల్లో లంబసింగి జాతరలా ఉంటుంది. ఇరుకు ఘాట్‌లో కార్లు, తెల్లవారుజాము దాకా గోల. ఆవిడ మొదటి అనుభవం అది కాకూడదు. వారం మధ్యలో సెలవు పెట్టండి, లేదా ఫిబ్రవరి మొదటి వారానికి మార్చుకోండి. చలి కాస్త తగ్గుతుంది, జనమూ తగ్గుతారు.

ఇక బైకు వెనక సీటు. మీకు హ్యాండిల్, బ్రేకు, రోడ్డు, మూడూ చేతిలో ఉంటాయి. వెనక కూర్చున్న మనిషికి ఏదీ ఉండదు, ముందేం వస్తోందో కూడా కనిపించదు. మీరు సరదాగా వంచిన మలుపు ఆవిడకు పడిపోతున్నట్టే ఉంటుంది. కాబట్టి బయల్దేరే ముందు మలుపుల సంగతి మాటల్లో చెప్పండి: బైకు ఎటు వంగితే ఒళ్లు అటే వెళ్లనివ్వాలి, ఎడమ మలుపులో నా ఎడమ భుజం మీదుగా, కుడి మలుపులో కుడి భుజం మీదుగా ముందుకి చూడు అని. భయంతో ఎదురు వైపు వంగితే బైకు మలుపు తీసుకోదు, మీరు ఇంకా వంచాల్సి వస్తుంది, ఆవిడ ఇంకా భయపడుతుంది. భుజాలు పట్టుకుంటే మీ హ్యాండిల్ కదులుతుంది, నడుము పట్టుకోమనండి. బ్రేకు వేసినప్పుడు ఆవిడ హెల్మెట్ వచ్చి మీ హెల్మెట్‌కి తగిలిందంటే అది మీరు బ్రేకు మొరటుగా వేశారన్న లెక్క. ఒక దెబ్బ తడితే నెమ్మది, రెండు తడితే ఆపు అని గుర్తులు పెట్టుకోండి. రెండు తట్టినప్పుడు ‘ఇంకో కిలోమీటరేలే’ అనకుండా అనువైన చోటు కనిపించగానే ఆపేయాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే ఆవిడ భయం సగం తగ్గుతుంది.

ఒకవైపు కూర్చుని ఘాట్ ఎక్కడం కుదరదు. చుడీదారో జీన్సో వేసుకుని రెండువైపులా కాళ్లు వేసి కూర్చోవాలి. చున్నీ వదిలేయాలి, లేదా జాకెట్ లోపల దోపుకోవాలి. వెనక చక్రంలో చున్నీ చుట్టుకుంటే మెడకే ప్రమాదం. వెనక కూర్చునేవాళ్లకు పట్టుకునే కమ్మీ, కాళ్లు పెట్టుకునే ఫుట్‌రెస్టులు, వెనక చక్రంలో కనీసం సగాన్ని కప్పే రక్షణ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వ నిబంధన చెబుతోంది. చాలామంది అందం కోసం శారీగార్డు పీకేయిస్తారు. మీరూ తీసేసి ఉంటే మళ్లీ బిగించండి. హెల్మెట్ చట్టప్రకారం ఇద్దరికీ తప్పనిసరి. మీ పాతది ఆవిడకిచ్చి మీరు కొత్తది కొనుక్కోవద్దు. ఆవిడ తల కొలతకు సరిపోయే, ఐఎస్‌ఐ గుర్తున్న ఫుల్‌ఫేస్ హెల్మెట్ తీసుకోండి. వదులు హెల్మెట్ గాలికి ఊగి మెడ నొప్పి తెస్తుంది.

బైకు సంగతి. ఒంటరిగా తిరిగే బైకు మీద ఇద్దరూ, 15 కిలోల సామానూ ఎక్కితే వెనక భాగం కిందికి దిగుతుంది, ముందు చక్రం తేలికవుతుంది, హెడ్‌లైటు వెలుగు పైకి పోతుంది. వెనక షాక్‌అబ్జార్బర్ స్ప్రింగును, దాని బిగువు మార్చే సి-స్పానర్ అనే పానాతో రెండు మెట్లు గట్టి చేయండి. టైరు గాలి ఇద్దరున్నప్పుడు ఎంతుండాలో మాన్యువల్‌లో వేరేగా రాసి ఉంటుంది. చాలా బైకులకు వెనక టైరులో ఒంటరిగా వెళ్లేటప్పటికన్నా 4 పీఎస్‌ఐ ఎక్కువ. ఉదయం టైర్లు చల్లగా ఉన్నప్పుడే పట్టించండి. అల్లాయ్ చక్రాలు, ట్యూబ్‌లెస్ టైర్లు అయితే పంచర్ కిట్టు, చిన్న పంపు చాలు. స్పోక్ చక్రాలైతే సాధారణంగా లోపల ట్యూబ్ ఉంటుంది, ఆ కిట్టు పనికిరాదు, స్పేర్ ట్యూబ్ పెట్టుకోవాలి.

సామానులో బరువైనవి కిందికి, సీటుకి దగ్గరగా. వెనక క్యారియర్ చివర బరువు పెడితే వేగం పెరిగాక హ్యాండిల్ వణకవచ్చు. దుప్పట్లు, స్లీపింగ్ బ్యాగుల్లాంటి తేలికవే అక్కడ పెట్టండి, ఆవిడ నడుముకి ఆనుకోవడానికీ పనికొస్తాయి. సైడు బ్యాగు సైలెన్సర్‌కి తగలకుండా నాలుగు వేళ్ల ఎడం ఉండాలి. కొక్కాలున్న రబ్బరు తాళ్లు సాగి వదులవుతాయి, చేయి జారితే కంటికి తగులుతాయి. బకిల్ ఉన్న నైలాన్ పట్టీలు వాడి, మొదటి 20 కిలోమీటర్ల తర్వాత ఆగి మళ్లీ బిగించండి.

ఇవన్నీ ఒకేసారి లంబసింగి రోడ్డు మీద నేర్చుకోవద్దు. మొదటి ఆదివారం పొద్దున్నే సామాను లేకుండా భీమిలి దాకా వెళ్లి టిఫిన్ చేసి రండి. రానూపోనూ అరవై కిలోమీటర్ల లోపే. ఆవిడకు నడుము నొప్పి ఎక్కడ మొదలైందో, వేగం ఎక్కడ ఎక్కువనిపించిందో అడిగి తెలుసుకోండి. తర్వాతి వారం పూర్తి సామానుతో ఒక సగం రోజు. ఆ మధ్యలో ఒక రాత్రి మీ మేడ మీద టెంటు వేసుకుని పడుకోండి. సిమెంటు మీద మేకులు దిగవు కాబట్టి మూలలకు నీళ్లు నింపిన క్యాన్లు కట్టండి. టెంటు ఆవిడ చేత వేయించండి, మీరు కడ్డీలు అందించండి. ఇద్దరి టెంటు అని అమ్మేదాంట్లో ఇద్దరు నిజంగా అంటుకునే పడుకోవాలి. మీరు కొన్నది అలాంటిదైతే, బ్యాగులతో పాటు ఊపిరాడుతోందో లేదో ఆ రాత్రే తెలిసిపోతుంది. ఇరుకైతే ముగ్గురి టెంటు అద్దెకు తెచ్చుకోండి. తెల్లారేసరికి లోపలి గుడ్డకు చెమ్మ పడుతుంది. అది కారడం కాదు, ఇద్దరి ఊపిరిలోని తేమ. పైన గాలి కిటికీలు తెరిచి ఉంచితే తగ్గుతుంది. చలని అన్నీ మూసేస్తే ఎక్కువవుతుంది.

చలి గురించి మీకు తెలిసి ఉండాల్సిన ఒక మాట. లంబసింగిలో డిసెంబరు రాత్రులు పది డిగ్రీల కిందికి పోతాయి, కొన్నేళ్లలో సున్నా దగ్గరికీ వెళ్లాయి. మీ స్లీపింగ్ బ్యాగుల మీద ఏ అంకె ఉందో చూడండి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం పరీక్షించిన వాటి మీద ఉండే ఉష్ణోగ్రత అంకెల్లో ముఖ్యమైనవి రెండు: కంఫర్ట్ (హాయిగా నిద్రపట్టేది), లిమిట్ (ముడుచుకుని ఓర్చుకోగలిగేది). కంఫర్ట్ అంకెను సగటు స్త్రీ శరీరాన్ని లెక్కలోకి తీసుకుని కడతారు, లిమిట్ అంకెను సగటు పురుషుణ్ణి తీసుకుని. ఒకే రకం సంచిలో మీకు వెచ్చగా ఉండి ఆవిడ వణికిపోవడం నాజూకుతనం కాదు, లెక్కలోనే ఉంది. ఆవిడకు కంఫర్ట్ 5 డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువ ఉన్నది ఇవ్వండి. సంచి మీద ఒకే అంకె ఉంటే దాన్ని నమ్మకుండా ఉన్ని దుప్పటి ఒకటి అదనంగా పెట్టండి. చలి నేలలోంచీ వస్తుంది. గాలి నింపే మామూలు పరుపులో గాలి లోపలే తిరుగుతూ వీపు వేడిని నేలకు దింపేస్తుంది, దానికన్నా పది మిల్లీమీటర్ల ఫోమ్ చాప మేలు. పడుకునే బట్టలు, సాక్సులు వేరేగా, పొడిగా ఉండాలి.

ఎంత చలైనా నిప్పుల కుంపటి, గ్యాస్ స్టవ్వు టెంటు లోపలికి తేవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. మంట ఆరిపోయినట్టు కనిపించే బొగ్గులూ అంతే ప్రమాదం. ఈ ఒక్క విషయంలో ఇద్దరిలో ఎవరూ మెత్తబడకూడదు.

వంట మీరు చేయండి. పిక్నిక్ అన్నా, యాత్ర అన్నా పొయ్యి చోటు మారుతుంది తప్ప గరిటె తన చేతిలోంచి పోదని ఆడవాళ్లకు తెలుసు. ఆ అనుమానం కూడా ఆ ‘చూద్దాంలే’లో ఉండి ఉంటుంది. ఇంట్లోనే 150 గ్రాముల బొంబాయి రవ్వ పోపుతో వేయించి డబ్బాలో పోసుకోండి. అక్కడ మరిగే నీళ్లలో పోసి కలిపితే ఇద్దరికి ఉప్మా. రాత్రికి నర్సీపట్నంలో పార్సిల్ కట్టించుకోండి. పెట్రోలు కూడా అక్కడే నింపుకోవాలి. చిన్న గ్యాస్ డబ్బాల్లో ఉండే బ్యూటేన్ సున్నా దగ్గర సరిగా ఆవిరి కాదు. తెల్లవారుజామున టీకి మంట నీరసంగా వస్తే డబ్బాను కాసేపు జాకెట్ లోపల పెట్టుకుని వెచ్చబడ్డాక వాడండి.

విశాఖ నుంచి అనకాపల్లి, నర్సీపట్నం మీదుగా వంద కిలోమీటర్లకు పైనే. ఉదయం 9కి బయల్దేరి 40 కిలోమీటర్లకోసారి ఆగుతూ వెళ్లినా మధ్యాహ్నం 3 లోపు చేరాలి. డిసెంబరులో అయిదున్నర దాటితే చీకటి, చీకట్లో మొదటిసారి టెంటు వేస్తే గొడవ ఖాయం. తిరుగు ప్రయాణం మంచు విడిచాకే, 9 తర్వాత. ఘాట్ దిగేటప్పుడు రెండో గేరు, మూడో గేరులో ఇంజనే బండిని పట్టి ఉంచాలి. అదేపనిగా బ్రేకు తొక్కితే వేడెక్కి పట్టు తగ్గుతుంది. ఏజెన్సీలో సెల్ సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, మ్యాపు ముందే ఫోన్‌లో దించుకోండి. అది మలేరియా ఉన్న ప్రాంతం. పొడుగు చేతుల బట్టలు, దోమల క్రీము, రాత్రంతా మూసిన జిప్పు తప్పనిసరి. బూట్లు దులిపి వేసుకోవాలి. పాము కరిస్తే కోయడం, కట్టు బిగించడం వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. తిరిగొచ్చాక కొన్ని నెలల వరకూ ఎవరికి జ్వరం వచ్చినా ఏజెన్సీకి వెళ్లొచ్చామని డాక్టరుకి చెప్పండి.

మీ అత్తగారికి మీరు వాదన చెప్పకండి. ఆవిడకు కావాల్సింది యజమాని ఫోన్ నంబరు, వెళ్లే దారి, ఏ టైముకి ఫోన్ వస్తుందన్న మాట. అది కూతురి నోటితో వింటే ఎక్కువ ధైర్యం. కూతురే ఇంకా ఒప్పుకోకముందు ఆవిడను మీ వైపు తిప్పుకోవాలని చూస్తే ఇంట్లో మీ భార్య ఒంటరిదవుతుంది.

చివరగా, భీమిలి వెళ్లొచ్చి, మేడ మీద పడుకుని చూశాక కూడా ‘నాకు వద్దు’ అంటే అది జవాబే. కారులో లంబసింగి వెళ్లి గదిలో ఉండి పొగమంచు చూసి రావచ్చు. టెంటుతో మీరు స్నేహితులతో వెళ్లవచ్చు, ‘నీ వల్లే’ అన్న మాట తర్వాత ఎప్పుడూ రాకూడదు. ఒప్పుకుంటే మాత్రం బయల్దేరే ముందే ఒక మాట ఇవ్వండి: నర్సీపట్నం దగ్గరైనా, ఘాట్ మధ్యలోనైనా, రాత్రి టెంటులోనైనా తను ‘ఇక వద్దు’ అంటే కారణం అడగరు. పగలైతే బండి వెనక్కి తిప్పుతారు. రాత్రి ఘాట్ దిగడం ప్రమాదం కాబట్టి, దగ్గర్లో ఖాళీ గది ఎక్కడుందో యజమానిని ముందే అడిగి పెట్టుకోండి.