ఎనిమిది మంది తోబుట్టువుల ఇంట్లో వేడుకల ఖర్చుకు హద్దు ఎలా?

ప్రశ్న: నేను గుంటూరు జిల్లాలో ప్రభుత్వ ఉపాధ్యాయినిని. కోతలు పోను చేతికి రూ.62,000 వస్తుంది. మావారు మిర్చి కోల్డ్ స్టోరేజీలో అకౌంటెంటు, జీతం రూ.28,000. మాది కతోలిక కుటుంబం. మావారు ఎనిమిది మందిలో ఐదోవారు. ఒక బావగారు గురువులు (చర్చి ఫాదర్), ఒక ఆడపడుచు కన్యస్త్రీ (సిస్టర్). మిగిలిన ఆరుగురికీ కలిపి పదిహేడు మంది పిల్లలు. ఏ నెల చూసినా జ్ఞానస్నానమో, ప్రథమ దివ్యసత్ప్రసాదమో (పిల్లలు పూజలో పవిత్ర అప్పాన్ని మొదటిసారి అందుకునే వేడుక), ఇంటి ఆశీర్వాదమో ఉంటుంది. నిరుడు మేనకోడలి పెళ్లికని నూటికి రెండు రూపాయల వడ్డీకి రూ.1.80 లక్షలు తెచ్చాం. అంతకుముందు నగలపై తెచ్చిన రూ.1.20 లక్షల బాకీ అలాగే ఉంది. వచ్చే జనవరిలో అత్తమామల పెళ్లి స్వర్ణోత్సవం, మేలో మా ఎనిమిదేళ్ల పాప ప్రథమ దివ్యసత్ప్రసాదం, మధ్యలో మూడు జ్ఞానస్నానాలు, పెద్ద వదినగారి అమ్మాయి నిత్య మాటపట్టు (కన్యస్త్రీగా జీవితాంతపు వ్రతం తీసుకోవడం) ఉన్నాయి. 2028లో బావగారి గురుత్వ రజతోత్సవం. దేనికీ వెళ్లకుండా ఉండలేం, ఎవరికీ తక్కువ చేయలేం. ఏం చేయమంటారు?

సమాధానం: నిరుటి ఖర్చును మీరు విడివిడిగా రాసి పంపడం వల్ల అసలు చిక్కు ఎక్కడుందో చెప్పడం తేలికయింది. ఆ కాగితం ప్రకారం పెళ్లికి రూ.85,000, రెండు జ్ఞానస్నానాలకు రూ.24,000, మూడు ప్రథమ సత్ప్రసాద వేడుకలకు రూ.15,000, ఒక ఇంటి ఆశీర్వాదానికి రూ.10,000, క్రిస్మస్‌కు తోబుట్టువుల పిల్లలందరి బట్టలకు రూ.26,000, గుణదల, వేలాంగణి పుణ్యక్షేత్రాల ప్రయాణాలకు రూ.14,000 అయ్యాయి. మొత్తం రూ.1.74 లక్షలు, అంటే నెలకు రూ.14,500. ఇంటికి వచ్చే ప్రతి వంద రూపాయల్లో పదహారు వేడుకలకే పోతున్నాయి.

మీరు భారమంతా ఆ పెళ్లి మీద మోపారు గానీ, పెళ్లిని పక్కన పెట్టినా ఇంకా రూ.89,000 మిగులుతుంది. పెళ్లి ఏటా రాదు, ఈ రూ.89,000 మాత్రం ఏటా వస్తుంది. ఇంటి రుణం వాయిదా 24,000, ఇంటి ఖర్చు 32,000, నెలకు లెక్కగట్టిన బడి ఫీజు సుమారు 9,170, అత్తమామల మందులు 4,000, రెండు బాకీల వడ్డీ 4,800, చీటీ 5,000 తీసేస్తే మీ చేతిలో మిగిలేది నెలకు రూ.11,000. వేడుకలకు అవుతున్నది రూ.14,500. కనుక ఏటా రూ.42,000 దాకా లోటు పడుతోంది, ఆ లోటునే వడ్డీకి తెచ్చి పూడుస్తున్నారు. ఇది ఎవరో దుబారా చేయడం వల్ల వచ్చిన లోటు కాదు. ఏడాది ముందే తెలిసిన ఖర్చును ప్రతిసారీ అనుకోకుండా వచ్చిన ఖర్చుగా చూడడం వల్ల వచ్చినది.

నిజానికి కతోలిక కుటుంబాల వేడుకలు చాలా వరకు క్యాలెండరు చెప్పినట్టే నడుస్తాయి. ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సు కాలంలో పెళ్లిళ్లు పెట్టుకోరు కాబట్టి అవి క్రిస్మస్ తర్వాతి వారాల్లోకో, ఈస్టర్ దాటాక వేసవి సెలవుల్లోకో సర్దుకుంటాయి. ప్రథమ సత్ప్రసాదాలూ చాలా విచారణల్లో (ఒక్కో గుడి పరిధిలోని సంఘాల్లో) ఆ సెలవుల్లోనే జరుగుతాయి. 2027లో తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం ఫిబ్రవరి 10న, ఈస్టర్ మార్చి 28న వస్తున్నాయి. అంటే ఏప్రిల్, మే నెలల్లో వేడుకల ఖర్చు, దాని వెనకే జూన్‌లో బడి ఫీజు, డిసెంబరులో క్రిస్మస్. మీరు అప్పు చేసిన నెలలు చూసినా మే, డిసెంబరే కనిపిస్తున్నాయి.

ముందు బాకీ సంగతి చూద్దాం. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. దీన్ని ఉంచుకుని మరేదో పొదుపు పథకంలో చేరడం వల్ల ప్రయోజనం లేదు. మీ కాలనీలో వేస్తున్న లక్ష రూపాయల చీటీలో ఇరవై నెలలకు పదకొండు వాయిదాలు కట్టారు, ఇంకా పాడుకోలేదు. వచ్చే పాటలో రూ.10,000 దాకా తగ్గించుకుని అయినా పాడుకోండి. చివరి దాకా ఆగితే ఆ పదివేలు మిగులుతాయన్నది నిజమే గానీ, చేతికి వచ్చే రూ.90,000 అప్పులో జమ చేస్తే మిగిలిన ఎనిమిది నెలల్లో రూ.14,400 వడ్డీ తప్పుతుంది. పైగా అది రిజిస్టరు కాని చీటీ అని మీరే రాశారు. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం కింద నమోదు కాని చీటీలో నిర్వాహకుడు చేతులెత్తేస్తే మీకు గట్టి రక్షణ ఏమీ ఉండదు, కనుక మీ డబ్బు ఎంత త్వరగా బయటికి వస్తే అంత మేలు. పాడుకున్నాక మిగిలిన వాయిదాలు తప్పకుండా కట్టండి, ఇది ముగిశాక అలాంటి చీటీలో మళ్లీ చేరవద్దు. అప్పు ఇచ్చినవారికి రూ.90,000 కట్టిన రోజే ప్రామిసరీ నోటు వెనుక చెల్లు రాయించుకోండి. తెలిసినవాళ్లే కదా అని చాలామంది ఇక్కడే మొహమాటపడతారు.

మిగిలిన రూ.90,000కు మీ జీతం పడే బ్యాంకులో వ్యక్తిగత రుణం అడగండి. ప్రభుత్వ ఉద్యోగులకు ఇచ్చే రుణం మీద వడ్డీ మీరిప్పుడు కడుతున్న దానిలో సగం దరిదాపుల్లో ఉంటుంది. ఏపీజీఎల్ఐ (రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల జీవిత బీమా) పాలసీ మీద కూడా రుణం దొరుకుతుంది, రెండూ పోల్చి చూసి తక్కువ వడ్డీ ఉన్నది తీసుకోండి. 12 శాతం వడ్డీకి రెండేళ్లలో తీర్చేలా పెట్టుకుంటే వాయిదా రూ.4,250 లోపే ఉంటుంది. చీటీ ముగిసిన ఎనిమిది నెలల తర్వాత ఖాళీ అయ్యే ఐదు వేలను నగల బాకీకి మళ్లించండి.

ఈ మార్పులు చేశాక నెలకు సుమారు రూ.10,400 మిగులుతుంది. అందులో రూ.8,000 వేడుకలకు పక్కన పెట్టండి. జీతం పడిన రోజునే వేరే పొదుపు ఖాతాలోకో, ఏడాది గడువున్న బ్యాంకు రికరింగ్ డిపాజిట్‌లోకో వెళ్లిపోవాలి. పోస్టాఫీసు ఆర్‌డీ ఈ పనికి రాదు. అది ఐదేళ్ల పథకం, మూడేళ్లు నిండకముందు మూసే వీలు లేదు, తర్వాత ముందుగా మూసినా పొదుపు ఖాతా వడ్డీయే ఇస్తారు. నెలకు రూ.8,000 అంటే ఏడాదికి రూ.96,000. ఈ జూన్ నుంచి వచ్చే మే దాకా మీ వేడుకలన్నీ ఇందులోనే జరగాలి. మిగిలిన రూ.2,400తో ముందు మీవారి పేరిట టర్మ్ పాలసీ తీసుకోండి. ప్రైవేటు ఉద్యోగి అయిన ఆయనకు జీవిత బీమా ఏదీ లేకపోవడం మీ లేఖలో నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించిన విషయం.

ఇక రూ.96,000ను ఎలా పంచాలన్నది. స్వర్ణోత్సవానికి తగ్గించమని నేను చెప్పను. ఎనిమిది మంది పిల్లలను పెంచిన దంపతులకు యాభై ఏళ్లు నిండడం ఆ ఇంట్లో ఒక్కసారే వస్తుంది, కాబట్టి ఈ ఏడాది మీ డబ్బులో పెద్ద వాటా దానికే వెళ్లడం న్యాయం. కానీ మీవాళ్లు అనుకుంటున్నట్టు నాలుగు వందల మందికి ఫంక్షన్ హాలులో భోజనాలంటే, ప్లేటు రూ.350 చొప్పున తిండికే రూ.1.40 లక్షలు, దానికి హాలు అద్దె, అలంకరణ, అత్తమామలకు బట్టలు, వీడియో కలిస్తే మూడు లక్షలు దాటుతుంది. కృతజ్ఞతా పూజ మీ విచారణ గుడిలోనే జరుగుతుంది కాబట్టి, భోజనాలు గుడి ఆవరణలోనే పెట్టుకోవడానికి వీలుందేమో విచారణ గురువులను అడగండి. పిలుపులను రెండు వందల యాభైకి కుదించి, మొత్తాన్ని రూ.2.40 లక్షలకు కట్టడి చేయవచ్చు. బావగారు గురువులు, ఆడపడుచు మఠంలో పేదరికపు వ్రతంలో ఉన్నవారు, వారిద్దరినీ లెక్కలోంచి తీసేస్తే ఆరుగురికీ తలా రూ.40,000. కువైట్‌లో ఉన్న మీ చిన్న బావగారు ఎక్కువ వేసుకుంటానంటే మొహమాటపడి కాదనకండి. అయితే దాన్ని నమ్ముకుని ఖర్చు పెంచకండి. జూన్ నుంచి జనవరి వరకు ఎనిమిది వాయిదాలకు మీ ఖాతాలో రూ.64,000 ఉంటుంది, ఈ నలభై వేలకు అప్పు అక్కర్లేదు.

క్రిస్మస్ బట్టల విషయంలో మాత్రం నేను గట్టిగానే చెబుతాను. పదిహేను మంది పిల్లలకు మీరొక్కరే బట్టలు కొంటున్నారు, మిగిలిన ఐదు ఇళ్లవారూ అలాగే కొంటున్నారు. ఒక్కో పిల్లకు ఐదారు జతలు వస్తుంటే ఆ పిల్లలకు ఏది ఎవరిచ్చారో కూడా గుర్తుండదు. నవంబరులో అందరూ కలిసినప్పుడు చీటీలు తీసి, ఒక్కో ఇల్లు ముగ్గురు పిల్లలకు మాత్రమే కొనేలా ఒప్పందం చేసుకోండి. మీ పిల్లలతో కలిపి దీనికి రూ.8,000 సరిపోతుంది. నవంబరు 2న సమాధుల దగ్గర కుటుంబమంతా కలుస్తారని రాశారు కదా, ఆ సాయంత్రం ఈ మాట ఎత్తడానికి మంచి సమయం.

జ్ఞానస్నానాలకు రూ.12,000 చాలు. మీ మరిదిగారు విందుకు డబ్బు కుదరక కొడుకు జ్ఞానస్నానాన్ని ఏడాదిగా వాయిదా వేస్తున్నారని రాశారు. ఇది లెక్కల కంటే పెద్ద విషయం. 1983 నాటి తిరుసభ (కతోలిక సంఘం) చట్టం 867వ నియమం బిడ్డ పుట్టిన మొదటి వారాల్లోనే జ్ఞానస్నానం ఇప్పించమంటుంది. నిర్ణయించిన కానుకకు మించి ఏమీ అడగకూడదని, పేదరికం వల్ల ఎవరికీ దివ్యసంస్కారాలు దక్కకుండా పోకూడదని 848వ నియమం చెబుతుంది. సంస్కారానికి అయ్యే ఖర్చు ఎప్పుడూ కొంచెమే, దాని చుట్టూ మనం పేర్చుకున్నదే వేలల్లో ఉంటుంది. ఒక ఆదివారం పూజలో జ్ఞానస్నానం ఇప్పించి, ఇంట్లోవాళ్లకు భోజనం పెట్టుకోమని మరిదిగారికి మీవారి చేత చెప్పించండి.

ఆ బిడ్డకు మీరే జ్ఞానతల్లి (జ్ఞానస్నానంలో బిడ్డ విశ్వాసానికి పూచీగా నిలిచేవారు) కాబట్టి నిరుటిలా గొలుసు పెట్టాలన్న ఒత్తిడి మీపై ఉంటుంది. జ్ఞాన తల్లిదండ్రులు పదహారేళ్లు నిండినవారై, భద్రమైన అభ్యంగనం (జ్ఞానస్నానం తర్వాత విశ్వాసాన్ని స్థిరపరిచే సంస్కారం) పొందినవారై, విశ్వాస జీవితం గడుపుతున్నవారై ఉండాలని తిరుసభ అడుగుతుంది, బంగారం పెట్టాలని ఎక్కడా అడగదు. తెల్లబట్టలు, కొవ్వొత్తి, వెండి శిలువ, వీటికి రూ.6,000 కేటాయించండి. మిగిలిన రెండింటికీ చెరి మూడు వేలు.

మీ పాప వేడుకకు రూ.20,000 పెట్టుకోండి. తెల్ల గౌను, ముసుగు, జపమాల, కేకు, ముప్పై నలభై మందికి భోజనం ఇందులో అవుతాయి. ఆరోజు వచ్చే చదివింపులను వంటవాడికి ఇవ్వడానికి లెక్కేసుకోవద్దు. వాటిని పాప పేరిట సుకన్య సమృద్ధి ఖాతాలో వేయండి. పదేళ్లు నిండకముందే ఆ ఖాతా తెరవాలి, మీ పాపకు ఇప్పుడు ఎనిమిది, కాబట్టి ఈ నెలలోనే రూ.250తో తెరిచి ఉంచండి. 2024 జనవరిలో దాని వడ్డీని 8.2 శాతంగా నిర్ణయించారు, ప్రభుత్వం మూడు నెలలకోసారి సమీక్షిస్తుంది. ఏడాదికి రూ.1.50 లక్షల దాకా వేయవచ్చు. పన్ను గురించీ ఒక మాట. మేనమామలు, పెదనాన్నలు, బాబాయిలు, అత్తలు, పిన్నమ్మలు ఇచ్చే కానుకకు ఎంతైనా పన్ను లేదు. బంధువులు కాని వారు ఇచ్చినవన్నీ కలిసి ఏడాదిలో రూ.50,000 దాటితే పన్ను పడుతుంది. పెళ్లి కానుకలకు ఉన్న మినహాయింపు జ్ఞానస్నానానికీ, సత్ప్రసాదానికీ వర్తించదు.

మీరు ఫొటో తీసి పంపిన చదివింపుల పుస్తకం పేజీలో ‘చిన్న వదిన – 1,116’ అన్న వరుస పక్కన ఎర్ర సిరాతో ‘తిరిగి 2,000’ అని ఉంది. దాని కింద మరో నాలుగు వరుసలకూ అలాగే ఉంది. ప్రతి ఇల్లూ పుచ్చుకున్నదానికి కొంత కలిపి తిరిగి పెడుతుంటే ఎనిమిది పదేళ్లలో ఆ మొత్తం ఎవరికీ అందని ఎత్తుకు చేరుతుంది. మీకు బరువైనది మీ తోడికోడళ్లకూ బరువే అయివుంటుంది, మొదట నోరు విప్పేవారు లేక అందరూ మోస్తున్నారు. జ్ఞానస్నానానికీ, సత్ప్రసాదానికీ ఇంటికి రూ.2,000, పెళ్లికి ఇంటికి రూ.15,000 అని ఆరు ఇళ్లూ ఒక మాట మీదకు వస్తే ఈ పోటీ ఆగుతుంది. ఈ మాట కోడలిగా మీరు ఎత్తితే తప్పుగా అర్థం చేసుకుంటారేమోనన్న మీ భయం నిజమైనదే. అందుకే బావగారి చేత చెప్పించండి. గురువులు చెబితే ఇంట్లో ఎవరికీ చిన్నతనం అనిపించదు.

గుణదల ఫిబ్రవరి ఉత్సవాలకు బస్సులో వెళ్లి రావడానికి రూ.3,000, మేనకోడలి నిత్య మాటపట్టుకు ప్రయాణం, కానుక కలిపి రూ.5,000 ఉంచండి. వేలాంగణి ఈ ఏడాదికి వద్దు. మిగిలిన రూ.8,000ను ముట్టుకోకండి. ఇంత పెద్ద కుటుంబంలో ఏదో ఒక సమాధి కార్యక్రమానికి రాత్రికి రాత్రి బయలుదేరవలసి రావచ్చు, అప్పుడు వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కకుండా ఈ డబ్బు ఆదుకుంటుంది.

2028 రజతోత్సవం గురించి ఇప్పుడే బావగారితో మాట్లాడండి. తనకు బంగారు గొలుసులు, శాలువాలు వద్దని, రజతోత్సవం తాను పనిచేసే విచారణలోనే జరగాలని ఆయనే ముందుగా చెప్పేస్తే, తోబుట్టువుల వాటా భోజనాల వరకే పరిమితమవుతుంది. బ్యాంకు రుణం అప్పటికి తీరిపోతుంది కాబట్టి ఆ వాయిదా సొమ్ములో సగం నెలనెలా దీనికి కేటాయించినా సరిపోతుంది.